నవ్విస్తూనే గొంతు పట్టేసే బాల్యం సినిమాలు: అసలు లోపల ఏం జరుగుతుంది?

కొన్నేళ్లుగా పేరున్న డైరెక్టర్లు ఒకరి తర్వాత ఒకరు వాళ్ల చిన్ననాటి ఇంటికి వెళ్లిపోతున్నారు. 2018లో అల్ఫాన్సో క్వారోన్ 'రోమా', 2021లో కెనెత్ బ్రానా 'బెల్‌ఫాస్ట్', 2022లో స్పీల్‌బర్గ్ 'ది ఫేబుల్‌మన్స్', అదే ఏడాది షార్లెట్ వెల్స్ తన మొదటి సినిమాగా తీసిన 'ఆఫ్టర్‌సన్'. వీటిలో ఏది వచ్చినా జనం నోట అవే మాటలు. ఏడ్చేశాం అంటారు కొందరు, అసలు ఇందులో కథేముంది అంటారు ఇంకొందరు, ఇదంతా నిజంగా జరిగిందా లేక కల్పించారా అని అడిగేవాళ్లుంటారు, పాత రోజులు బంగారం అని చెప్పుకోవడానికి తీసిన సినిమా అని కొట్టిపారేసేవాళ్లూ ఉంటారు. ఈ నాలుగు మాటలకీ మూలం ఒకటే, ఈ తరహా సినిమా నడిచే పద్ధతి కొంచెం వేరు, అది తెలియకపోతే మామూలు సినిమా కొలతలతో దీన్ని కొలిచేస్తాం.

పెద్దవడం, పాతకాలం, సొంత కథ: మూడూ ఒకటి కాదు

ముందు పేర్లు తేల్చుకుందాం, ఎందుకంటే సగం గొడవ ఇక్కడే ఉంది. కమింగ్ ఆఫ్ ఏజ్ సినిమా అంటే ఒక పిల్లో పిల్లాడో, అప్పటిదాకా తెలియని ఏదో ఒక విషయం తెలిసి, ఇక మునుపటిలా ఉండలేని చోటికి చేరే కథ. వయసు పెరగడం కాదు ముఖ్యం, తెలియడం ముఖ్యం. పీరియడ్ సినిమా అంటే తీసిన కాలం కాకుండా వేరే కాలంలో జరిగే కథ. ఆత్మకథా సినిమా అంటే డైరెక్టర్ సొంత జీవితంలోంచి తీసుకున్నది. ఈ మూడూ ఒకే సినిమాలో కలిసి కనిపించడం ఎక్కువ కాబట్టి మూడూ ఒకటే అనుకుంటాం, కానీ విడివిడిగా కూడా ఉంటాయి.

ఫ్రెంచ్ డైరెక్టర్ ఫ్రాన్సువా త్రూఫో తీసిన 'ది 400 బ్లోస్' చూడండి, 1959లో కాన్ ఫెస్టివల్‌లో బెస్ట్ డైరెక్టర్ అవార్డు తెచ్చింది. అందులో ఆంత్వాన్ ఇంట్లో ఇమడలేడు, స్కూల్లో ఇమడలేడు, చివరికి పిల్లల సంస్కరణ కేంద్రంలో తేలతాడు. త్రూఫో కూడా కుర్రాడిగా ఉన్నప్పుడు అలాంటి కేంద్రంలో ఉండి వచ్చినవాడే. స్కూలుకి డుమ్మా కొట్టి దొరికిపోయినప్పుడు ఆంత్వాన్ మా అమ్మ చచ్చిపోయింది సార్ అని అబద్ధం చెప్తాడు, త్రూఫో చిన్నప్పుడు టీచర్‌కి చెప్పిన అబద్ధం మా నాన్నని జర్మన్లు పట్టుకుపోయారని. అవును, ఆయన చిన్నతనం గడిచింది జర్మన్ ఆక్రమణలో ఉన్న పారిస్‌లో. కానీ సినిమాలో యుద్ధం ఊసే లేదు, కథ మొత్తం 1950ల పారిస్‌లో నడుస్తుంది. అంటే సొంత కథే, పీరియడ్ సినిమా మాత్రం కాదు. ఆ అబద్ధంలో మాట మారింది, దొరికిపోయిన పిల్లాడి భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

దీనికి పూర్తి రివర్స్‌లో ఉంటుంది స్వీడన్ డైరెక్టర్ ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1982లో తీసిన 'ఫానీ అండ్ అలెగ్జాండర్'. కథ జరిగేది 1907లో, బెర్గ్‌మన్ పుట్టింది 1918లో. పుట్టకముందు కాలాన్ని ఆయన గుర్తుచేసుకునే అవకాశమే లేదు కదా, అయినా అందులో పిల్లాడిని కొట్టి నోరు మూయించే బిషప్ సవతి తండ్రిలో, పాస్టర్‌గా పనిచేసిన బెర్గ్‌మన్ సొంత తండ్రి నీడ ఉందని సినిమా చరిత్ర చదివినవాళ్లు చాలామంది అంటారు. ఇక ఇటలీ డైరెక్టర్ ఫెల్లినీ 1973లో తీసిన 'అమార్‌కార్డ్' తన ఊరు రిమినీలో నియంత ముసోలినీ రోజుల గురించి, కానీ ఆ ఊళ్లో తీయలేదు, రోమ్‌లోని చినెచిత్తా స్టూడియోలో ఊరంతా సెట్ వేయించాడు, సముద్రం కూడా ప్లాస్టిక్ షీట్లతోనే చేయించాడు. జ్ఞాపకం అచ్చంగా ఎలా జరిగిందో అలాగే ఉండదు, అది మనసు కట్టుకున్న సెట్ అని ఒప్పుకున్న సినిమా అది.

కాబట్టి ఇది నిజంగా జరిగిందా అనే ప్రశ్నకి సూటి జవాబు ఏంటంటే, సంఘటనలు మారతాయి, ఊళ్లు మారతాయి, దశాబ్దం కూడా మారిపోవచ్చు, కానీ ఆ పిల్లాడికి ఏం తెలిసింది, తెలిసినప్పుడు ఎలా అనిపించింది అనేది మారదు, డైరెక్టర్ కాపాడుకునేది దాన్నే.

ఒకే సినిమాలో రెండు వయసులు

నా దృష్టిలో ఈ సినిమాలన్నిటికీ గుండెకాయ ఇదే. చూస్తున్నది పిల్లాడు, గుర్తు చేసుకుంటున్నది పెద్దాడు. పిల్లాడికి జరుగుతున్నది కనిపిస్తుంది కానీ అర్థం కాదు, పెద్దాడికి అర్థమవుతుంది కానీ ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. ఈ రెండింటి మధ్య ఉండే ఎడం ఉంది చూడండి, తీపీ చేదూ రెండూ పుట్టేది అక్కడే.

తైవాన్ డైరెక్టర్ హౌ షియావో షియెన్ 1985లో 'ది టైమ్ టు లివ్ అండ్ ది టైమ్ టు డై' తీశాడు, పూర్తిగా తన ఇంటి కథ, వెనకనుంచి కథ చెప్పే గొంతు కూడా తనదే. వాళ్ల కుటుంబం చైనా నుంచి తైవాన్ వస్తుంది, కొన్నాళ్లు ఉండి వెళ్లిపోదాం అనుకుని వస్తారు, 1949లో చైనా కమ్యూనిస్టుల చేతికి వెళ్లాక వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. సినిమా మొదటి సగంలో మనకి ఆ ఇల్లు కనిపిస్తూ ఉంటుంది, వెదురు కుర్చీలు, వెదురు బల్లలు, ఏదీ గట్టిది కాదు, ఖరీదైంది అసలే కాదు. పిల్లలు వాటి మధ్యే ఆడుకుంటారు, తింటారు, దెబ్బలాడుకుంటారు, వాళ్లకి అది మామూలు ఇల్లు, మనకీ అంతే. తండ్రి పోయిన చాలా రోజులకి పెద్ద కూతురు ఆయన రాసుకున్నది చదువుతుంది, వెదురు సామాన్లే ఎందుకు కొన్నాడో అందులో ఉంటుంది. త్వరలో వెనక్కి వెళ్లిపోతాం, వెళ్లేటప్పుడు వదిలేసిపోయినా బాధ లేకుండా ఉండాలని చవక సామాను కొన్నాడట. ఆ ఒక్క మాటతో అప్పటిదాకా మనం చూసిన ప్రతి సీనూ మారిపోతుంది. ఆ కుర్చీల్లోనే ఒక మనిషి బతుకంతా వెయిట్ చేశాడు, పిల్లలకి ఆ సంగతే తెలీదు.

అసలు ఇందులో కథేముంది అనే ప్రశ్నకి కూడా జవాబు ఇక్కడే ఉంది. మామూలు సినిమాలో హీరోకి ఏదో కావాలి, దానికోసం పోరాడతాడు, దొరుకుతుంది లేదా పోతుంది. ఇక్కడ పిల్లలు దేనికోసం పోరాడాలో వాళ్లకే తెలీదు, ఇంట్లో నిర్ణయాలన్నీ పెద్దవాళ్లవి, ఇల్లు మారతామా లేదా, అమ్మానాన్న కలిసి ఉంటారా లేదా అనేవి పిల్లల్ని అడిగి చేసేవి కావు. కథ కదిలేది జరిగినదాంతో కాదు, తెలిసినదాంతో. వెదురు కుర్చీల సంగతి తెలియడం ఆ సినిమాలో పెద్ద మలుపు, కానీ అక్కడ అరుపుల్లేవు, ఒక అమ్మాయి కూర్చుని చదువుతుంది అంతే.

తెలిసే క్షణాన్ని ఎలా చూపిస్తారు

'ది ఫేబుల్‌మన్స్'లో ఒక సీన్ దీనికి పాఠంలా పనికొస్తుంది. అమ్మమ్మ పోయి తల్లి దిగులుగా ఉంటుంది, తండ్రి కొడుకు సామీతో మనం క్యాంపింగ్‌కి వెళ్లినప్పుడు తీశావు కదా, అది ఎడిట్ చేసి అమ్మకి చూపించు, కాస్త తేరుకుంటుంది అంటాడు. ఒక గదిలో తల్లి పియానో వాయిస్తుంటుంది, ఇంకో గదిలో సామీ చిన్న ఎడిటింగ్ మెషీన్ మీద ఫిల్మ్ తిప్పుతుంటాడు. ఫ్రేమ్‌లో ముందున్నది చెల్లెళ్లు, నవ్వులు. వెనకాల, అంచులో, అమ్మ, ఆమె పక్కన నాన్న ఫ్రెండ్ బెన్నీ. చేతులు పట్టుకుని ఉన్నారు. సామీ ఫిల్మ్‌ని వెనక్కి తిప్పుతాడు, మళ్లీ ముందుకి తిప్పుతాడు, ఆపుతాడు. తీసేటప్పుడు తన కళ్లముందే జరిగింది, కానీ అప్పుడు అతను చూడలేదు, కెమెరా చూసింది. ఆ తర్వాత అతను చేసేది ఇంకా బాధపెడుతుంది, ఆ ముక్కలన్నీ కత్తిరించి పక్కన పెట్టి అందరూ సంతోషంగా ఉన్న సినిమా ఒకటి తయారుచేసి ఇంట్లోవాళ్లందరికీ వేసి చూపిస్తాడు. కత్తిరించిన ముక్కల్ని తర్వాత ఎప్పుడో ఒక అల్మారా గదిలో తల్లి ఒక్కదానికే చూపిస్తాడు.

స్పీల్‌బర్గ్ తల్లి 2017లో, తండ్రి 2020లో పోయారు, సినిమా వచ్చింది 2022లో. ఇలాంటి కథలు చాలావరకు ఇంత ఆలస్యంగా ఎందుకు వస్తాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది, చెప్పాల్సింది అమ్మానాన్నల గురించే, వాళ్లు ఎదురుగా ఉండగా చెప్పడం కష్టం.

'పథేర్ పాంచాలి'లో అయితే తెలిసే క్షణానికి మాటే లేదు. అపు అనే చిన్నపిల్లాడి అక్క దుర్గ మీద పక్కింటివాళ్లు పూసలదండ దొంగతనం అంటగడతారు, తను తీయలేదంటుంది, తల్లి జుట్టు పట్టుకుని ఈడ్చి కొడుతుంది. ఆ తర్వాత దుర్గ జ్వరంతో చచ్చిపోతుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయేటప్పుడు సామాన్లు సర్దుతుంటే, పైన పెట్టిన ఒక చిప్పలోంచి ఆ దండ బయటపడుతుంది అపుకి. వాడు ఎవరికీ చెప్పడు, పరిగెత్తి వెళ్లి చెరువులోకి విసిరేస్తాడు, దండ పడినచోట నాచు పక్కకి జరిగి మళ్లీ మెల్లగా దగ్గరకొస్తుంది. 1955లో వచ్చిన సినిమా ఇది, సత్యజిత్ రాయ్‌కి మొదటిది. అప్పటిదాకా అక్క వెనకాల తిరిగిన చిన్నపిల్లాడు ఆ ఒక్క పనితో అక్క పరువు కాపాడే మనిషైపోయాడు. పెద్దవడం అంటే ఏంటో ఇంతకంటే తక్కువ మాటల్లో చెప్పిన సీన్ నేనైతే చూడలేదు.

తీపి, చేదు వేర్వేరు సీన్లలో ఉండవు

కాస్త నవ్వించి కాస్త ఏడిపిస్తే తీపి చేదు కలిసిన సినిమా అయిపోతుంది అనుకుంటారు చాలామంది. కాదు. అలా విడదీసి పెడితే అది మామూలు ఫ్యామిలీ డ్రామా. ఇక్కడ రెండూ ఒకే మనిషిలో, ఒక్కోసారి ఒకే రోజులో ఉంటాయి.

టెరెన్స్ డేవిస్ 1988లో తీసిన 'డిస్టెంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్' లివర్‌పూల్‌లో 1940లు, 50ల నాటి కార్మిక కుటుంబం కథ. తండ్రి కొట్టేవాడు. క్రిస్మస్ ముందు రాత్రి అదే తండ్రి నిద్రపోతున్న పిల్లల దగ్గరకి వచ్చి కానుకల మేజోళ్లు వేలాడదీసి, వాళ్ల వంక ప్రేమగా చూస్తాడు. మర్నాడు భోజనాల బల్ల దగ్గర పిల్లలందరూ కూర్చుని ఉంటే బల్ల మీది గుడ్డ పట్టి లాగేసి అన్నీ కింద పడేస్తాడు. సినిమా రెండింటికీ మధ్య కారణం చెప్పదు. పిల్లలకి కారణం తెలీదు కాబట్టి మనకీ చెప్పదు. ఆ పిల్లలు పెద్దయ్యాక తండ్రిని పూర్తిగా ద్వేషించనూ లేరు, క్షమించనూ లేరు, అందరూ కలిసినప్పుడు పాటలు పాడుకుంటారు, ఆ పాటల్లోనే అంతా దాచుకుంటారు.

స్వీడన్ సినిమా 'మై లైఫ్ యాజ్ ఎ డాగ్' కొంచెం మెత్తగా అదే పని చేస్తుంది. తల్లికి జబ్బు, ఇంగెమార్ అనే పిల్లాడిని బంధువుల ఊరికి పంపేస్తారు. వాడు తనకంటే కష్టంలో ఉన్నవాళ్లని తలుచుకుని ధైర్యం చెప్పుకుంటుంటాడు, ముఖ్యంగా 1957లో రష్యావాళ్లు స్పుత్నిక్ 2లో అంతరిక్షానికి పంపిన లైకా అనే కుక్కని. దానికంటే నేను నయం అనుకుంటాడు. వినడానికి ముద్దుగా ఉంటుంది, కానీ ఒక పిల్లాడు తనని ఓదార్చేవాళ్లు ఎవరూ లేక, తిరిగి రాని కుక్కతో పోల్చుకుని తనని తానే ఓదార్చుకుంటున్నాడు. ముద్దూ బాధా ఒకే మాటలో ఉన్నాయి, ఏది ఎక్కడ మొదలైందో విడదీయలేం.

చరిత్ర ఇంట్లోకి ఎలా వస్తుంది

పాత దశాబ్దం అంటే పాత కార్లు, పాత పాటలు, గోడకి పాత క్యాలెండర్ అని కొన్ని సినిమాలు సరిపెట్టేస్తాయి, అవి తేలిపోతాయి. బాగా తీసినవాటిలో చరిత్ర ఇంటి పనిమీద బయటికి వెళ్లిన మనిషికి ఎదురుపడుతుంది. 'రోమా'లో పనమ్మాయి క్లియో నిండు గర్భిణి, ఇంటి పెద్దావిడతో కలిసి పుట్టబోయే బిడ్డకి ఊయల మంచం కొనడానికి ఫర్నిచర్ షాపుకి వెళ్తుంది. ఆ రోజు 1971 జూన్ 10, మెక్సికో సిటీలో విద్యార్థుల ఊరేగింపు మీద ప్రభుత్వం అండ ఉన్న గుంపులు దాడిచేసి చాలామందిని చంపిన రోజు. షాపు కిటికీలోంచి కింద వీధి కనిపిస్తుంది, ఇంతలో తుపాకులతో కుర్రాళ్లు షాపులోకే వస్తారు, వాళ్లలో ఒకడు క్లియో కడుపులో బిడ్డకి తండ్రి. చరిత్ర పుస్తకంలో ఉండే ఆ తేదీ క్లియోకి మాత్రం ఊయల మంచం కొందామని వెళ్లిన రోజు.

అదే సినిమాలో ఇంటి తండ్రి కుటుంబాన్ని వదిలేసి వెళ్లిపోతాడు, పిల్లలకి మాత్రం నాన్న పనిమీద కెనడా వెళ్లాడని చెప్తారు. అసలు సంగతి తల్లి చెప్పేది బీచ్‌కి టూర్ వెళ్లినప్పుడు. ఇంటికి తిరిగొచ్చేసరికి పుస్తకాల అరలు లేవు, ఆయన వచ్చి తీసుకుపోయాడు, పుస్తకాలు మాత్రం అక్కడే వదిలేశాడు. విడాకులు అనే మాట పిల్లలకి ఆ ఖాళీ గోడలా కనిపిస్తుంది.

నలుపు తెలుపులో ఎందుకు తీస్తారనేది కూడా తరచుగా వచ్చే ప్రశ్న, దానికి పాతగా కనిపించాలని అనే జవాబు సగమే నిజం. 'బెల్‌ఫాస్ట్' 1969 నాటి కథ, దాదాపు మొత్తం నలుపు తెలుపే, కానీ అందులోని పిల్లాడు బడ్డీ థియేటర్‌కి వెళ్లినప్పుడు తెరమీద సినిమా రంగుల్లో ఉంటుంది. వీధిలో గొడవలు, ఇంట్లో డబ్బు తగాదాలు, వాటి మధ్య ఆ పిల్లాడికి రంగున్న చోటు అదొక్కటే అని ఇంకో మాట లేకుండా తెలిసిపోతుంది.

పాత రోజులు బాగుండేవి అనడమేనా ఇదంతా?

ఈ విమర్శ తేలిగ్గా తీసేయాల్సింది కాదు. అమెరికన్ విమర్శకుడు ఫ్రెడ్రిక్ జేమ్సన్ నాస్టాల్జియా ఫిల్మ్ అనే పేరుతో దీని గురించి గట్టిగానే రాశాడు, 1962 నాటి కథతో 1973లో వచ్చిన 'అమెరికన్ గ్రఫిటీ'ని ఆయన ఉదాహరణగా తీసుకున్నాడు. ఆయన వాదన సులువు మాటల్లో చెప్పాలంటే, ఇలాంటి సినిమాలు గతాన్ని ఒక ఫ్యాషన్‌గా మార్చేస్తాయి, బట్టలు కార్లు పాటలు మిగులుతాయి, ఆ కాలంలో ఎవరు ఎవర్ని అణిచారు, ఎందుకలా జరిగింది అనేది మాయమైపోతుంది. 'బెల్‌ఫాస్ట్' మీద కూడా ఇదే మాట వచ్చింది, ఉత్తర ఐర్లండ్‌లో కేథలిక్కులు, ప్రొటెస్టెంట్ల మధ్య గొడవలంత పెద్ద విషయాన్ని అందమైన ఫ్రేముల్లో మెత్తబరిచాడని. సమర్థించేవాళ్లేమో, అది తొమ్మిదేళ్ల పిల్లాడి చూపు, వాడికి రాజకీయాలు అంతే కనిపిస్తాయి, అంతకంటే చూపిస్తే అబద్ధం అవుతుంది అంటారు. రెండు మాటల్లోనూ బలం ఉంది.

స్వెత్లానా బోయిమ్ అనే రచయిత్రి చేసిన విభజన ఇక్కడ బాగా పనికొస్తుంది. ఆవిడ లెక్కలో గతం మీద బెంగ రెండు రకాలు. ఒకటి, పోయిన ఇంటిని మళ్లీ అలాగే కట్టేయాలనుకునేది, దానికి గతంలో మచ్చలు కనిపించవు. రెండోది, ఇల్లు పోయింది, తిరిగి రాదు అని తెలిసి, ఆ పోవడం గురించి ఆలోచించేది. దీన్ని సామీ చేసిన రెండు సినిమాల మీద పెట్టి చూడండి. హాల్లో అందరికీ వేసింది మొదటి రకం, అల్మారా గదిలో అమ్మకి వేసింది కత్తిరించిన నిజం. మంచి సినిమా ఏదంటే ఆ రెండు రీళ్లూ మనకి చూపించేది, ఒకటే చూపిస్తే అది ఫ్యామిలీ ఆల్బమ్ అవుతుంది లేకపోతే కోర్టు కేసు అవుతుంది. నేనైతే 'బెల్‌ఫాస్ట్' మొదటి రకం వైపు కొంచెం ఒరిగిందనే అంటాను, ఆ అమ్మానాన్నలు మరీ అందంగా ఉంటారు, ఆ బీదరికం మరీ శుభ్రంగా ఉంటుంది.

ఎవరి జ్ఞాపకం?

ఒకే ఇంట్లో పెరిగిన నలుగురికీ నాలుగు బాల్యాలు ఉంటాయి, సినిమాకి దక్కేది ఒకటే. క్వారోన్ ఈ సమస్యని నేరుగా పట్టుకున్నాడు, తన బాల్యం తీస్తూ తనని పక్కకి జరిపి, తనని పెంచిన పనమ్మాయిని మధ్యలో పెట్టాడు, సినిమాని ఆవిడకే అంకితమిచ్చాడు. దీనికి మూడు ఆస్కార్లు వచ్చాయి, క్లియోగా యాలిట్జా అపారిసియో నటన అందర్నీ కట్టిపడేసింది, కానీ కొందరు విమర్శకులు ఒక మాట అడిగారు, క్లియో ఇంత తక్కువ ఎందుకు మాట్లాడుతుంది, ఆమె ఊరి గురించి, ఆమె ఆలోచనల గురించి మనకి తెలిసిందెంత, ఇది ఇప్పటికీ యజమాని కొడుకు చూపే కదా అని. దానికి జవాబుగా, తనకి తెలియని ఆమె మనసుని కల్పించి చెప్పకుండా వదిలేయడమే నిజాయితీ అనేవాళ్లున్నారు. ఈ వాదన తెగేది కాదు, తెగకపోవడమే మంచిది కూడా.

స్పైక్ లీ ఇంకో దారి పట్టాడు. 1973 నాటి బ్రూక్లిన్ కథ 'క్రూక్లిన్'ని 1994లో తీసేటప్పుడు చెల్లెలు జోయీ, తమ్ముడు సింకేతో కలిసి స్క్రిప్ట్ రాశాడు, కథ మధ్యలో ఉండేది అన్న కాదు, ట్రాయ్ అనే అమ్మాయి. ఆ పిల్ల వేసవిలో బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు తెరమీద బొమ్మంతా పక్కలనుంచి నొక్కేసినట్టు సన్నగా, పొడుగ్గా అయిపోతుంది, కావాలనే అలా తీశారు. పరాయి ఇల్లు ఆ పిల్లకి ఎలా అనిపించిందో చెప్పడానికి అది చాలు.

ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో టీవీలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 'ది వండర్ ఇయర్స్' సీరియల్ 1988లో మొదలై 1993 దాకా వచ్చింది, కథ 1968 నుంచి 1973 దాకా, అంటే సరిగ్గా 20 ఏళ్ల ఎడం. తెరమీద కెవిన్ పిల్లాడు, వెనక వినిపించే గొంతు పెద్దయిన కెవిన్‌ది, ముందు చెప్పుకున్న రెండు వయసులూ అందులో బొమ్మగా, గొంతుగా విడిపోయి ఉంటాయి. మొదటి ఎపిసోడ్‌లోనే ఎదురింటి అమ్మాయి అన్న వియత్నాంలో చచ్చిపోయిన కబురు వస్తుంది. 2021లో అదే పేరుతో మళ్లీ తీశారు, మళ్లీ 1968తోనే మొదలుపెట్టారు, కాకపోతే ఈసారి ఇల్లు అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో ఒక నల్లజాతి కుటుంబానిది. అదే ఏడాది, అలాంటి వయసు పిల్లాడే, వెనకనుంచి అలాంటి పెద్ద గొంతే. ఈ పిల్లాడి ఇంటికి మొదటి ఎపిసోడ్‌లో వచ్చిన కబురు మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారని.